ఆగినా పరిగెత్తే ఇంజన్

పాత క్వాడ్ బైకు అమ్మేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘కాస్త ట్యూనింగ్ చేయించుకుంటే చాలు, బంగారంలాంటి బండి.’ ఆ ‘కాస్త’లో దాక్కునే జబ్బులు సాధారణంగా రెండు. పావుగంట తిప్పేసరికి హ్యాండిల్ దగ్గర ఎర్రదీపం వెలుగుతుంది. యాక్సిలరేటర్ మీంచి బొటనవేలు తీసేసినా ఇంజన్ హోరు తగ్గదు. కొన్నవాడు మొదటిదానికి రేడియేటర్ తెప్పిస్తాడు, రెండోదానికి కార్బురేటర్ తెప్పిస్తాడు. పార్సిళ్లొస్తాయి, శనాదివారాలు పోతాయి, బండి మాత్రం అలాగే కాలుతూ అలాగే అరుస్తూ ఉంటుంది.

ఆ రెండింటికీ చాలాసార్లు మూలం ఒకటే ఉంటుంది. లేదంటే ఒకటి రెండోదాన్ని ఎగదోస్తూ ఉంటుంది. ఆ ముడి ఎక్కడుందో చూడకుండా సామాను కొనేవాళ్ల వల్లే ఆన్‌లైన్ పార్టుల దుకాణాలు కళకళలాడుతున్నాయని నా అనుమానం.

ఈ బండ్లతో మనకేం పని అనుకోనక్కర్లేదు. టెక్సస్‌లో ఊరి చివర నాలుగెకరాలు కొనుక్కున్న తెలుగువాళ్లకి కంచె చూసి రావడానికి, మేకలకి దాణా మోయడానికి ఏటీవీ, అంటే ఈ క్వాడ్ బైకే, కావాలి. కొత్తది కొనాలంటే కారు ధర పలుకుతుంది కాబట్టి పాతికేళ్ల నాటిది వెతుక్కుంటారు. ఇక్కడ వికారాబాద్ చుట్టుపక్కల రిసార్టుల్లో మట్టి ట్రాక్ మీద పిల్లలూ పెద్దలూ చక్కర్లు కొట్టేవీ ఇవే, కాకపోతే చిన్నవి. రోడ్డెక్కే అనుమతి లేని బండి కాబట్టి ఊళ్లో మెకానిక్‌కి దీనితో పరిచయం తక్కువ. యజమానే నేర్చుకోవాలి.

మూడు చక్రాల నుంచి

ఈ జాతికి ఆదిపురుషుడు 1970లో హోండా అమెరికా మార్కెట్లోకి వదిలిన యూఎస్90. చలికాలంలో మోటార్‌సైకిళ్లు అమ్ముడుపోక షోరూములు ఈగలు తోలుకుంటుంటే, మంచులోనూ ఇసకలోనూ నడిచేది ఏదైనా ఇవ్వమని అక్కడి డీలర్లు అడిగారు. ఒసాము తకెయుచి అనే ఇంజనీరు బృందం బెలూన్లలాంటి మూడు టైర్లు, 89 సీసీ ఇంజన్‌తో దీన్ని తయారుచేసింది. స్ప్రింగుల్లేవు, షాక్ అబ్జార్బర్లు లేవు, కుదుపంతా టైరు గాలే మింగాలి. మరుసటేడు ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో జేమ్స్ బాండ్ ఎక్కేసరికి దాని పేరు మోగిపోయింది.

1980ల మొదట్లో సుజుకీ క్వాడ్‌రన్నర్‌తో నాలుగో చక్రం వచ్చింది. మూడు చక్రాలవి మలుపుల్లో బోర్లాపడి ప్రాణాలు తీస్తున్నాయని గగ్గోలు రేగడంతో, 1988లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌తో కంపెనీలు ఒప్పందానికొచ్చి వాటి అమ్మకాలు ఆపేశాయి. పదహారేళ్ల లోపు పిల్లలకి పెద్ద ఇంజన్ బండ్లు ఇవ్వొద్దన్న నియమానికి మూలం కూడా అక్కడే. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ‘పాత ఏటీవీ’ అంటే ఎక్కువగా ఆ తర్వాతి ఇరవై ఏళ్లవి. హోండా ఫోర్‌ట్రాక్స్ 300, కవాసాకీ బేయూ, 1996లో వచ్చిన పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 500 లాంటివి. వీటిలో చాలావాటికి కంప్యూటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ లేదు. కార్బురేటర్, కేబుల్, రబ్బరు గొట్టాలు. లాప్‌టాప్ తగిలించి జబ్బు చదవలేం గానీ, చెవీ చెయ్యీ ఉన్నవాడికి అన్నీ చెబుతాయి.

దొంగగాలి

కార్బురేటర్ ఇంజన్‌లోకి గాలి ఒకే దారిన వెళ్లాలి. ఫిల్టర్ దాటి, కార్బురేటర్ గొంతులోంచి దూరి, దారిలో పెట్రోలు తుంపర కలుపుకుని సిలిండర్ చేరాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి ఉంటే మంట సరిగ్గా సరిపోతుంది. కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య అరచేతిలో ఇమిడే రబ్బరు బూటు ఒకటుంటుంది. కింద వేడి, పైన ఎండ, మధ్యలో పెట్రోలు ఆవిరి, ఎడతెరిపి లేని అదురు. పదిహేను ఇరవై ఏళ్లకి అది గట్టిపడి నెర్రెలిస్తుంది. ఆ నెర్రెల్లోంచి లెక్కలో లేని గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది.

ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఇంజన్ బలంగా పీలుస్తుంటుంది కాబట్టి ఈ దొంగగాలి ప్రభావం అప్పుడే ఎక్కువ. నిమిషానికి 1,200 నుంచి 1,500 చుట్ల మధ్య గునగునలాడాల్సింది రెండున్నర వేలకి ఎక్కి కూర్చుంటుంది. పలచని మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. పిస్టన్ పని పూర్తయి ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునేసరికి కూడా మంట ఇంకా సాగుతూనే ఉంటుంది, ఆ వేడి హెడ్‌కీ వాల్వుకీ సైలెన్సర్ గొట్టానికీ ఎక్కుతుంది. చీకట్లో చూస్తే ఇంజన్ నుంచి బయటికొచ్చే గొట్టం మొదలు ఎర్రగా కనిపించడం దీని ఆనవాళ్లలో ఒకటి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు ఇంకోటి.

దీనికి తోడు బండి కదలకుండా నిలబడి ఉందనుకోండి. ఎదురుగాలి లేదు, ఇంజన్ మాత్రం రెట్టింపు సార్లు మండుతోంది. వేడిని బయటికి నెట్టే భారమంతా ఒక్క ఫ్యాన్ మీద పడుతుంది. రేడియేటర్ శుభ్రంగా ఉంటే అప్పటికీ నెట్టుకొస్తుంది. బురద పట్టి ఉంటే ఎర్రదీపమే.

అలాంటప్పుడు చాలామంది చేసే పని ఐడ్లింగ్ స్క్రూ వెనక్కి తిప్పడం. హోరు తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. జ్వరమొస్తే థర్మామీటరు విరగ్గొట్టడం లాంటిదే ఇది. గాలి లీకు అలాగే ఉంది, మిశ్రమం అలాగే పలచగా ఉంది, వేడీ అలాగే ఉంది. తెలియజేసే గొంతు మాత్రం నొక్కేశాం.

రేగడి మట్టిలో ఓ ఉదయం

డాలస్‌కి ఉత్తరాన అన్నయ్య కొన్న స్థలంలో మట్టి అచ్చం మన గుంటూరు వైపు నల్లరేగడే. వానొస్తే బంక, ఎండొస్తే పగుళ్లు. ఆ ప్రాంతాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రయరీ అనడం ఊరికే కాదు. ఆ మట్టిలో తిరిగిన 2002 మోడల్ 500 సీసీ బండి ఒకటి కొన్నాడు. వారం తిరక్కుండానే మరగడం మొదలుపెట్టింది. ఆర్టీసీ డిపో గ్యారేజీలో జీవితమంతా గడిపి రిటైరై, మనవల కోసం వచ్చి ఉన్న పెదనాన్న దాన్ని రెండ్రోజులు దూరం నుంచి వింటూనే ఊరుకున్నాడు.

“కొత్త కార్బురేటర్ ఆర్డరు పెట్టా నాన్నా, ఎల్లుండికి వచ్చేస్తుంది” అన్నాడు అన్నయ్య.

“వస్తే రానీరా, తొందరేముంది. ముందు స్టార్ట్ చెయ్యి.”

“డీజిల్ బస్సుల మనిషివి, దీని సంగతి నీకేం తెలుసు పెదనాన్నా?” అన్నాను నేను, ఊరుకోలేక.

“నా యెజ్డీకి కార్బురేటర్ మీ తాత బిగించాడనుకున్నావా?”

ముందు హ్యాండిల్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూశాడు. హోరు మారలేదు. మారితే తప్పు కేబుల్‌ది. ఎక్కడో మెలిపడిందనో, పొట్టిగా బిగించారనో అర్థం. తర్వాత బొటనవేలి మీట దగ్గర ఆట చూశాడు. మీట కొద్ది మిల్లీమీటర్లు ఖాళీగా కదిలాకే కేబుల్ లాగాలి. ఉంది. యాక్సిలరేటర్ ఒక్క విసురు ఇచ్చి వదిలాడు. పైకి లేచిన హోరు అక్కడే కాసేపు వేలాడి, తీరిగ్గా దిగింది. కేబుల్ ఇరుక్కుంటే అలా దిగదు, మీట చేత్తో వెనక్కి నెడితే గానీ తగ్గదు. చోక్ పూర్తిగా మూసుకోకపోయినా హోరు ఎక్కువే ఉంటుంది గానీ అప్పుడు నల్లపొగ వస్తుంది, ప్లగ్గు మసిబారుతుంది. పెదనాన్న ప్లగ్గు విప్పి చూపించాడు. కాఫీపొడి రంగులో ఉండాల్సిన పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

“ఆ మొక్కలకి నీళ్లు చిమ్మే సీసా ఇటివ్వరా.”

చాలామంది ఈ పరీక్షకి కార్బురేటర్ క్లీనర్ స్ప్రే వాడతారు. మండే ద్రవాన్ని కాలుతున్న ఇంజన్ మీద చల్లడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. నీళ్లు చాలు. కరెంటు వైర్లకీ కాలే సైలెన్సర్‌కీ తగలకుండా, పెదనాన్న ముక్కు సన్నగా చేసి రబ్బరు బూటు చుట్టూ కొద్దికొద్దిగా చిమ్ముకుంటూ వచ్చాడు. పైన ఏమీ లేదు. పక్కన ఏమీ లేదు. కింది వైపు తగిలీ తగలగానే హోరు గభాల్న పడిపోయి, తడబడి, మళ్లీ లేచింది. నీటి పొర క్షణంపాటు నెర్రె మూసింది, అంతే. మళ్లీ చిమ్మాడు, మళ్లీ పడింది.

బూటు విప్పాక కూడా చూడ్డానికి బాగానే ఉంది. రెండు వేళ్ల మధ్య పెట్టి వంచితే అడుగు భాగాన సన్నటి నెర్రెలు చేప మొప్పల్లా విచ్చుకున్నాయి. కొత్త రబ్బరు, కొత్త క్లిప్పులు వేసి స్టార్ట్ చేస్తే ఇంజన్ అందుకున్నట్టే అందుకుని ఆగిపోయింది. అన్నయ్య మొహం వాడిపోయింది. పెదనాన్న మాత్రం నవ్వాడు. “చూశావట్రా, అమ్మినోడు స్క్రూ మొత్తం వెనక్కి తిప్పి అమ్మాడు.” దొంగగాలి మీదే బతికిన ఇంజన్‌కి అది ఆగిపోగానే ఊపిరాడలేదన్నమాట. స్క్రూ కాస్త కాస్త లోపలికి తిప్పుతూ, బాగా వేడెక్కనిచ్చి, 1,200 దగ్గర నిలబెట్టాడు. ఇంతకుముందు గేరు మార్చినప్పుడల్లా వచ్చే గరగర కూడా దాంతో పోయింది. ఈ రకం బండ్లలో బెల్టు ఇంజన్ వేగం పెరగ్గానే పట్టుకుంటుంది కాబట్టి, ఐడ్లింగ్ ఎక్కువుంటే గేర్లు అరుస్తాయి, న్యూట్రల్ తీయగానే బండి తనంతట తనే పాకుతుంది. పిల్లలు ఆడే పెరట్లో అది చిన్న విషయం కాదు.

ఎర్రదీపం కథ మాత్రం సగమే తీరింది. వెలగడం ఆలస్యమైంది గానీ మానలేదు.

నీళ్ల సంగతి

దీపాన్ని నమ్మే ముందు దాన్నీ పరీక్షించాలి. సెన్సర్ వైరు ఒరుసుకుపోయి ఛాసిస్‌కి తగిలితే చల్లటి ఇంజన్‌కీ దీపం వెలగొచ్చు. దూరం నుంచి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ ఇప్పుడు చవగ్గానే వస్తోంది. దాంతో థర్మోస్టాట్ గూడు దగ్గరా, రేడియేటర్‌కి వెళ్లే గొట్టం మీదా, తిరిగొచ్చే గొట్టం మీదా చూడాలి. వెళ్లేది కాలుతూ తిరిగొచ్చేది చల్లగా ఉంటే నీళ్లు తిరగడం లేదు. థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు, లోపల గాలి బుడగ చిక్కి ఉండొచ్చు, పంపు పనిచేయకపోవచ్చు. రెండూ కాలుతుంటే నీళ్లు తిరుగుతున్నాయి గానీ వేడి బయటికి పోవడం లేదు.

అన్నయ్య బండిలో రెండూ కాలుతున్నాయి. ముందు నుంచి చూస్తే రేడియేటర్ నిగనిగలాడుతోంది, ఎందుకంటే కడిగిన ప్రతివాడూ కనిపించే వైపే కడిగాడు. వెనక నుంచి టార్చి వేస్తే రెక్కల మధ్య రేగడి మట్టి, గడ్డి గింజలు కలిసి ఇటుకలా పేరుకున్నాయి. ప్రెషర్ వాషర్ ఎక్కుపెడితే రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుంటుంది. మామూలు గొట్టంతో, ఇంజన్ వైపు నుంచి ముందుకి, మట్టి నానేదాకా ఓపిగ్గా నీళ్లు పట్టాలి. చాలాసేపు నల్లటి నీళ్లే వచ్చాయి.

ఫ్యాన్ ఎప్పుడూ తిరగలేదని అప్పుడు తెలిసింది. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి నేరుగా ఇస్తే తిరిగింది, అంటే మోటారు బాగుంది. ఫ్యాన్ స్విచ్చి దగ్గర కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి తుప్పు. గీకి, గ్రీజు రాసి పెడితే సరిపోయింది. ముందే రేడియేటర్ కొనుంటే ఆ తుప్పు దాని వెనక కూడా అలాగే కూర్చుని ఉండేది.

కూలెంట్ మార్చేటప్పుడు రెండు మాటలు. కాలుతున్న రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తీయొద్దు. మూత పని ఊరికే మూయడం కాదు, ఒత్తిడి నిలపడం. సగం నీళ్లు సగం కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. మంచి మూత కింద పదిహేను పౌండ్ల ఒత్తిడిలో 128 దాకా మరగవు. మూత తీయగానే ఆ తేడా అంతా మొహం మీదకి ఎగజిమ్ముతుంది. మూతలోని రబ్బరు వాషర్ ఎండిపోయినా, ఒత్తిడి నిలవక బండి తొందరగా మరుగుతుంది. కొన్ని వందల రూపాయల మూత మార్చకుండా వేలు తగలేసినవాళ్లు ఉన్నారు. ఇక కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు నాకుతాయి. కిందపోసినది వెంటనే కడిగేయాలి.

నింపేటప్పుడు బండి ముందు భాగం ఎత్తులో పెట్టి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులుచేసి, బుడగలు ఆగేదాకా పోయాలి. మన దగ్గర బోరు నీళ్లు పోసే అలవాటు పోవాలి. ఆ నీళ్లలోని సున్నం ఇంట్లో గీజర్‌కి ఏం చేస్తుందో ఇంజన్ లోపలి సన్నదారులకీ అదే చేస్తుంది. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ కొనండి, డబ్బా ఎంతని?

మన మెకానిక్కులకి ఇంకో మొండి నమ్మకం: ‘హీటవుతోందా? థర్మోస్టాట్ పీకెయ్.’ పీకేస్తే ఇంజన్ వేడెక్కాల్సినంత కూడా వేడెక్కదు, చోక్ మీదే నడుస్తుంది, పెట్రోలు ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. థర్మోస్టాట్‌ని అనుమానిస్తే గిన్నెలో నీళ్లు కాచి అందులో వేలాడదీయండి. చాలావాటికి 80 డిగ్రీలు దాటగానే నోరు తెరవాలి. తెరవకపోతే కొత్తది వేయాలి.

పెట్రోలులో కలిసినది

బూటు బాగున్నా మిశ్రమం పలచబడే దారులు ఇంకా ఉన్నాయి. కార్బురేటర్‌లో ఐడ్లింగ్‌కి పెట్రోలు ఇచ్చే చిన్న జెట్టు రంధ్రం ఎంత సన్నదంటే వెలుతురుకి అడ్డం పెట్టి చూస్తే గానీ కనపడదు. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురుగా మారి అక్కడే పట్టుకుంటుంది. సూదితో పొడవకండి, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్, గాలి ఒత్తిడి చాలు. మిక్చర్ స్క్రూ విప్పే ముందు అది బిగిసేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి రాసుకోవాలి, లేకపోతే తిరిగి పెట్టడం గుడ్డి లెక్కే.

ఇథనాల్ మాట కూడా చెప్పుకోవాలి. అమెరికాలో బంకుల్లో దొరికేది ఎక్కువగా పది శాతం కలిపినది. మన దేశం 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు చాలావరకు ఈ తేడాను కొలిచి సర్దుకుంటాయి. పాత కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, తన జెట్టు ఇచ్చినంతే ఇస్తుంది, మిశ్రమం ఆ మేరకు పలచబడుతుంది. పైగా ఇథనాల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బర్లని ఉబ్బిస్తుంది. బండి నెలకొకసారి తీసేవాళ్లు కార్బురేటర్ అడుగు స్క్రూ తిప్పి పెట్రోలు దించేసి పెట్టుకోవడం మేలు.

టాపెట్లు బిగిసినా, సైలెన్సర్‌లోని నిప్పురవ్వల జాలీ మసితో మూసుకున్నా, బ్రేకులు పట్టేసి చక్రం ఈడ్చినా వేడే. ఇవన్నీ విప్పే ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఎలుకలకి ఆ డబ్బా అంటే మహా ఇష్టం.

రిసార్టుల చిన్న బండ్లలో చాలావాటికి రేడియేటరే ఉండదు. గాలితో చల్లారే ఇంజన్లవి. గాలి తగలాలంటే బండి కదలాలి. కానీ అక్కడ జరిగేదేమిటి? ఎండలో వరసగా నిలబెట్టి, టికెట్టు చింపేదాకా ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, ఎక్కినవాణ్ణి మొదటి గేరులో చిన్న చక్కరు తిప్పి దింపుతారు. హెడ్ రెక్కల మధ్య ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది, ఆయిల్ తారులా ఉంటుంది. ఏ స్క్రూ తిప్పినా ఆ బండి చల్లారదు. ఆయిల్ మార్చి, రెక్కలు గీకి, వరసలో ఉన్నప్పుడు ఆపేస్తే చాలావరకు పని తీరుతుంది.

ఎప్పుడు ఆపాలి

ఇన్ని చూశాక కూడా వేడి తగ్గకపోతే, చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడాలి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పోయి, మంట ఒత్తిడి నీళ్లలోకి దూరుతోందని అర్థం. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు అందులోకి వెళ్తున్నాయి. అది గ్యాస్కెట్ కావొచ్చు, పంపు సీలు కావొచ్చు. పంపు కింద చిన్న రంధ్రంలోంచి కూలెంట్ చుక్కలు కారుతుంటే సీలు అరిగినట్టే. ఆ రంధ్రం మనకి తెలియడానికే పెట్టారు, ఎంసీల్ పెట్టి మూయకండి. ఇలాంటివి కనిపిస్తే బండి తిప్పడం ఆపేయాలి. పిస్టన్ పట్టేసిందంటే రిపేరు ఖర్చు బండి ధరని దాటేస్తుంది. పాత ఇంజన్ మీద మమకారం మంచిదే గానీ, కంప్రెషన్ కొలిచి చూశాకే డబ్బు పెట్టాలి.

ఇంకా కొనని వాళ్లకైతే పని సులువు. చూడ్డానికి వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. మీరొచ్చే ముందే వేడెక్కించి ఉంచాడంటే చల్లగా స్టార్టవదనో, ఐడ్లింగ్ నిలబడదనో అనుమానించాలి. పూర్తిగా చల్లారేదాకా కూర్చోండి. చల్లారాక స్టార్ట్ చేయించి, ఆగినచోటే ఫ్యాన్ తిరిగేదాకా నడవనివ్వండి. ఐడ్లింగ్ స్క్రూ ఎంత లోపలికి ఉందో ఒక కన్నేసి, రేడియేటర్ వెనక వైపు టార్చి వేయండి. అమ్మేవాడికి అంత ఓపిక లేకపోతే ధర సగానికి అడగండి. ఓపిక పట్టి, టీ కూడా ఇచ్చాడంటే బేరం మెల్లగా మొదలుపెట్టొచ్చు.